నా ఇంటికి నేనే కన్నం

నా ల్యాప్‌టాప్‌లో ఏముందో చెబుతాను, మీలోనే ఉంచుకోండి. మా అత్తగారి కాశీయాత్ర ఫొటోలు. ఎప్పుడో కట్టేసిన కరెంటు బిల్లులు. నాలుగో ప్రకరణంలో నాయిక వంటింట్లోకి వెళ్లి మళ్లీ బయటికి రాకపోవడంతో ఆగిపోయిన నా నవల. పులిహోర పొడి కొలతలు. అంతే. వీటి కోసం ఏ దొంగా నిద్ర మానుకోడు. ఆ కాశీ ఫొటోలైతే మా అత్తగారే వీధిలో పోయేవాళ్లను పిలిచి, మంచినీళ్లిచ్చి మరీ చూపిస్తుంది.

ఈ సంపదకంతటికీ నేను 256 బిట్ల ఏఈఎస్ తాళం వేశాను. ఒక్కో ఫైలుకు కాదు, డిస్కు మొత్తానికి. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఏకమై కల్పాంతం దాకా కూర్చున్నా ఆ పులిహోర పొడిలో ఎండుమిరపకాయలు ఎన్ని వెయ్యాలో కనిపెట్టలేవు.

ఎందుకయ్యా ఇంత అంటే, గొప్ప కోసం. మీ దగ్గర దాపరికం దేనికి? ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఎవరూ లేనప్పుడు గబగబా కొట్టేస్తాను. పక్కన మనిషి ఉంటే మాత్రం ఒకసారి అటూ ఇటూ చూసి, కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా కొడతాను. ఓసారి రైల్లో ఎదుటి సీటాయన ఉండబట్టలేక "తమరు డిఫెన్సులో చేస్తారాండీ?" అని అడిగాడు. నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. సన్నగా నవ్వి, కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చున్నాను. రాజమండ్రి స్టేషన్లో దిగేటప్పుడు పాపం ఆయనే నా సంచీ అందించాడు. తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరర్‌కు అంతకన్నా ఏం కావాలి చెప్పండి.

ఆ తాళం వేసే పద్ధతిని లక్స్ అంటారు. 2004లో క్లెమెన్స్ ఫ్రూవిర్త్ అనే ఆయన రూపొందించాడు. అందులో పెద్దమనిషి తరహా ఒకటుంది. ఒకే డిస్కుకు చాలా పాస్‌ఫ్రేజ్‌లు పెట్టుకోవచ్చు. పాత పద్ధతిలో ఎనిమిది, కొత్త లక్స్ 2లో ముప్పై రెండు. ఏది చెప్పినా తెరుచుకుంటుంది. నాలాంటివాళ్లను ముందే ఊహించి పెట్టాడేమో మహానుభావుడు, ఎందుకంటే నా మొదటి అవివేకం నుంచి నన్ను కాపాడింది అదే.

తెలుగు మాస్టారికి ఇంగ్లీషు పాస్‌ఫ్రేజ్ ఏమిటి, సిగ్గుచేటు అనిపించింది ఒక రోజు. సంస్కృత సమాసాలతో, గజమంత ఒత్తులతో, హ్యాకరు నోరు తిరక్క చచ్చేలా ఒక తెలుగు పాస్‌ఫ్రేజ్ తయారుచేసి రెండో కీగా చేర్చాను. రెండుసార్లు కొట్టించుకుని మరీ ఒప్పుకుంది. స్టాఫ్ రూములో "ఇక మన భాషను బద్దలుకొట్టేవాడు పుట్టలేదు" అన్నాను. నిజమే, పుట్టలేదు. ఎందుకంటే ల్యాప్‌టాప్ పాస్‌ఫ్రేజ్ అడిగే వేళకు తెలుగు కీబోర్డు ఇంకా లేవదు. ఆ నల్లతెర మీద వచ్చేవి ఇంగ్లీషు అక్షరాలే. పోనీ, తెలుగు కీబోర్డు ఉన్నా నా ఒత్తుల మధ్య కంటికి కనబడని అతుకు గుర్తులు ఎన్ని దూరాయో ఆ భగవంతుడికెరుక. మనకు చూడ్డానికి ఒకేలా ఉన్న మాట, బైట్లు మారితే యంత్రానికి వేరే మాట. ఉత్త ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే వాడండి బాబూ అని లక్స్ ప్రోగ్రామైన క్రిప్ట్‌సెటప్ వాళ్లు సూచనల్లో రాసే పెట్టారు. సూచనలు చదివేవాడినైతే ఇవాళ మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏముండేది? పాత ఇంగ్లీషు పాస్‌ఫ్రేజ్ మొదటి అరలో పదిలంగా ఉంది కాబట్టి, దానితోనే తెరుచుకుని, ఆ సమాసాన్ని చడీచప్పుడు లేకుండా తీసేశాను. స్టాఫ్ రూములో ఇప్పటికీ అది ఉందనే అనుకుంటున్నారు.

ఇదంతా పూర్వరంగం. అసలు కథ నా ల్యాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ది.

1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు చదువుకుంటూ సరదాగా మొదలుపెట్టిన ఆ కెర్నెల్‌కు ఇప్పుడు రెండు నెలలు దాటగానే కొత్త అవతారం వస్తుంది. మధ్యలో మరమ్మతులు దాదాపు వారం వారం. నాకు పొద్దున్నే పేపరు కన్నా ముందు "యూనేమ్ మైనస్ ఆర్" అని కొట్టి, నడుస్తున్న కెర్నెల్ నంబరు చూసుకోవడం అలవాటు. ఆఖరి చుక్క తర్వాత అంకె పెరిగితే నాకే ఇంక్రిమెంటు వచ్చినంత సంబరం. ఆ అంకె మారడం వల్ల నా నవల ఒక్క వాక్యం ముందుకు కదల్లేదు, నాయిక వంటింట్లోనే ఉంది, ఆ మాట ఒప్పుకుంటాను.

ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం సిద్ధం. "భద్రత అండీ! 2016లో డర్టీ కౌ అని ఒక లోపం బయటపడింది. 2007 నుంచీ కెర్నెల్లో దాక్కుని ఉంది. మామూలు యూజరు ఎవడైనా దాన్ని పట్టుకుని రూట్ అయిపోవచ్చు. అప్‌డేట్ చేసుకోకపోతే ఎలా?" ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కెర్నెల్ అప్‌డేట్ తప్పకుండా చేసుకోవలసిందే. కాకపోతే ఇంత భద్రత గురించి ఉపన్యసించే నేను ల్యాప్‌టాప్‌ను మామూలుగా షట్‌డౌన్ చెయ్యను. మూత మూస్తాను, అది నిద్రపోతుంది. నిద్రలో ఉన్నంతసేపూ డిస్కు తెరిచే కీ ర్యామ్‌లోనే ఉంటుంది. డిస్కు తాళం పూర్తిగా పడేది కరెంటు ఆపినప్పుడే. అంటే నా 256 బిట్ల తాళం ఏడాదిలో ఎక్కువ రోజులు తీసే ఉంటుందన్నమాట. డిఫెన్సు మనిషిని కదా, ఇలాంటివి పట్టించుకోను.

ఒక రాత్రి మా మేనకోడలి శుభలేఖ పూర్తిచేశాను. మా అక్క "ఒరే, తెలుగు మాస్టారివి, ఒక్క తప్పు దొర్లినా మా వియ్యంకులు పుస్తకం వేస్తారు" అని నన్ను నమ్మి అప్పగించింది. తెల్లారి తొమ్మిదికల్లా కోటగుమ్మం దగ్గర ప్రెస్సాయనకు ఫైలు చేరాలి. పని అయిపోయింది. ఫైలు మెయిల్లో పంపేసి పడుకోవచ్చు. పడుకున్నానా? తెర మూలన చిన్న బొమ్మ వెలిగింది. కొత్త కెర్నెల్. రెండు నిమిషాల పని అనుకున్నాను. ప్రపంచంలో రెండు నిమిషాల పని అనుకుని మొదలుపెట్టిన పని రెండు నిమిషాల్లో అయిన దాఖలా మీకు తెలిస్తే చెప్పండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. డిస్కు మొత్తానికి తాళం వేశానన్నాను చూశారా, అది కోత. ఒక చిన్న భాగం తాళం లేకుండానే ఉంటుంది. దాని పేరు బూట్. ఉండి తీరాలి కూడా, ఎందుకంటే పాస్‌ఫ్రేజ్ అడిగే ప్రోగ్రాము తాళం వెనకే ఉంటే దాన్ని లేపేదెవరు? అందుకని కెర్నెల్‌నూ, దానితోపాటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటనూ బూట్‌లో పెడతారు. పెళ్లికి ముందురోజే విడిదింటికి చేరి పొయ్యి వెలిగించే వంటమేస్త్రి లాంటిది ఆ మూట. కీబోర్డు డ్రైవర్లు, క్రిప్ట్‌సెటప్ అన్నీ వెంట తెచ్చుకుని, పాస్‌ఫ్రేజ్ అడిగి, డిస్కు తెరిచి, అసలు సిస్టమ్ రాగానే పెత్తనం దానికి అప్పజెప్పి తప్పుకుంటుంది. ప్రతి కెర్నెల్‌కూ దాని మూట దానికే ఉండాలి. ఒక్కో మూట వంద మెగాబైట్లు దాటినా ఆశ్చర్యం లేదు. నేను బూట్‌కు ఇచ్చింది కాసింత చోటు. కొత్త కెర్నెళ్లేమో వరసగా దింపుతూనే ఉన్నాను, పాతవి తీసే కమాండు నడపడం బద్ధకం.

అప్‌డేట్ మొదలైంది. తెర నిండా అక్షరాలు జలజలా పారాయి. మధ్యలో "వార్నింగ్" అని, ఏదో ఫర్మ్‌వేర్ లేదని, ఎప్పుడూ వచ్చే గొణుగుడు. అది ఏళ్ల తరబడి చూస్తున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఏమీ కాని హెచ్చరికలు వంద చూశాక, ఏదో అయ్యే నూటొకటో హెచ్చరిక కంటికి ఆనుతుందా? మీకు ఆనుతుందా? ఈసారి చివర్లో మాత్రం "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారీ విఫలమైందని చెప్పి ఆగిపోయింది.

ఓస్, చోటేగా అన్నాను.

ఇక్కడ బుద్ధిమంతుడు ఏం చేస్తాడంటే, ప్యాకేజీలు చూసుకునే ఏప్ట్‌కే చెప్పి పాత కెర్నెళ్లను పద్ధతిగా తీయిస్తాడు. కానీ అప్పటికే నేను రూట్‌ను. సర్వాధికారిని. రాత్రి పదిన్నరకు సర్వాధికారం చేతికొచ్చిన మనిషిని ఆపడం ఎవరి తరం? బూట్‌లోకి దిగాను. పాత కెర్నెళ్లు బారులు తీరి ఉన్నాయి. "ఆర్‌ఎమ్" అన్నాను. ఒకటి పోయింది. ఇంకోటి అన్నాను. పోయింది. ఊపు వచ్చింది. నిన్నటిదాకా నడిచినదీ, ఆ క్షణాన నా కాళ్ల కింద నడుస్తున్నదీ కూడా పాతదే కదా, కొత్తది వచ్చేసింది కదా అని దాన్నీ లేపేశాను. దాని మూటనూ లేపేశాను. నడుస్తున్న కెర్నెల్ అప్పటికే ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి, కాళ్ల కింద నేల తవ్వేసినా ల్యాప్‌టాప్ చెక్కుచెదరలేదు. అది చూసి నా ధైర్యం ఇంకా పెరిగింది. బూట్ బోలెడంత ఖాళీ అయ్యి కళకళలాడుతోంది. సగంలో ఆగిన అప్‌డేట్‌ను మళ్లీ నడపాలన్న సంగతి గుర్తొచ్చిందా? రాలేదు. రీబూట్ అన్నాను.

కెర్నెల్‌ను లేపే గ్రబ్ వచ్చింది. ఫైలు కనబడలేదంది. కింద ఇంకో వాక్యం: "మీరు ముందు కెర్నెల్‌ను లోడ్ చెయ్యాలి." ఏదైనా కీ నొక్కండి అంది. నొక్కాను. మళ్లీ అదే మాట. ఎస్కేప్ నొక్కి పాత కెర్నెళ్ల జాబితాలోకి వెళ్లాను. ఆపదలో ఆదుకోవడానికే వాటిని ఉంచుతారు. పేర్లన్నీ ఉన్నాయి. ఒకటి ఎంచాను, ఫైలు లేదు. రెండోది, లేదు. మూడోది, లేదు. అన్నీ నేను స్వహస్తాలతో సాగనంపినవే. కొత్తదాని పేరు జాబితాలోనే లేదు, ఎందుకంటే మూట కట్టడం చెడినప్పుడే జాబితా రాసే పని కూడా ఆగిపోయింది. తాళం చెక్కుచెదరలేదు, పాస్‌ఫ్రేజ్ నా నోట్లోనే ఉంది. అడిగే నాథుడే లేడు.

అప్పుడు ఫోను మోగింది. అక్క.

"ఒరే, పంపేశావా?"

"సర్వరు డౌన్ అక్కా" అన్నాను. మా ఇంట్లో సర్వరు లేదు. ఉన్నదల్లా డౌన్.

మా అమ్మాయి గదిలో లైటు వెలుగుతోంది. దాని ల్యాప్‌టాప్‌లో విండోస్. ఆ విండోస్‌ను నేను భోజనాల దగ్గర ఎన్ని మాటలన్నానో, ఎన్ని పేరడీలు కట్టానో మీకు చెబితే నా ముఖం చూడరు. ఆ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాను.

"అమ్మలూ, ఒకసారి నీ ల్యాప్‌టాప్ ఇస్తావా? చిన్న పని."

అది కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను కింద నుంచి మీదికి చూసింది. "శుభలేఖ మెయిల్లో ఉంది కదా నాన్నా? క్లౌడ్‌లో?"

"క్లౌడ్‌ను నేను నమ్మను."

"మరి దేన్ని నమ్ముతావు?"

నేను సమాధానం చెప్పలేదు. పెన్‌డ్రైవ్ అడిగాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద పెన్‌డ్రైవ్ కారులో ఉంది, దాని నిండా ఘంటసాల ఉన్నాడు. పెన్‌డ్రైవ్ నుంచే లేచే లైవ్ లినక్స్ రాయాలంటే అది తుడవాలి. ఫోను హాట్‌స్పాట్ మీద కొన్ని గిగాబైట్ల ఐఎస్‌ఓ దిగేదాకా నిరీక్షించి, కళ్లు మూసుకుని ఘంటసాలను తుడిచాను. మా ఆవిడకు ఆ సంగతి తర్వాతి ప్రయాణంలో తెలిసింది. అది వేరే స్వగతం.

పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్ లేచింది. ఇక నేను చెయ్యాల్సింది నా ఇంటికి నేనే కన్నం వెయ్యడం. నిజానికి అది కష్టం కాదు. లక్స్ భాగాన్ని క్రిప్ట్‌సెటప్‌తో తెరవాలి, దాన్ని ఒకచోట మౌంట్ చెయ్యాలి, బూట్‌ను దాని చోట్లో తగిలించాలి, డెవ్, ప్రాక్, సిస్ అనే మూడింటినీ లోపలికి జత చెయ్యాలి, తర్వాత "సీహెచ్‌రూట్" అంటూ ఆ ఇంట్లోకి దిగి, ఆగిపోయిన అప్‌డేట్‌ను పూర్తి చేయించాలి. పాస్‌ఫ్రేజ్ కొట్టగానే ఒకట్రెండు సెకన్లు ఆగుతుంది. కొత్త లక్స్‌లో ఆర్గన్ 2 అనే పద్ధతి కావాలనే సమయమూ, మెమరీ తింటుంది, దొంగ వేగంగా ఊహలు కొట్టకుండా. దొంగ కోసం పెట్టిన ఆ ఆలస్యాన్ని రాత్రి పన్నెండింటికి నేను అనుభవించాను.

తెరిచేటప్పుడు డిస్కుకు ఒక పేరు పెట్టమంటుంది. పేరు! కవి హృదయం ఉప్పొంగింది. ఇన్స్టాల్ చేసినప్పటి పేరు డిస్కు పేరుకు క్రిప్ట్ తగిలించిన నీరసమైనదేదో ఉంటుంది. నేను "కోట" అని పెట్టాను. లోపలికి దిగాను. ఆగిన పని నడిపించాను. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ బ్రహ్మాండంగా తయారైంది. మధ్యలో మళ్లీ ఒక వార్నింగు: కోట అనేది క్రిప్ట్‌టాబ్‌లో కనబడలేదు. మళ్లీ గొణుగుడు అనుకున్నాను. అవునండీ, మళ్లీ. అదే రాత్రి, అదే మనిషి. మనిషి అనుభవంతో నేర్చుకుంటాడని రాసినవాడెవడో నాకు పరిచయం లేడు.

విజయగర్వంతో రీబూట్. ఈసారి కెర్నెల్ లేచింది. పాస్‌ఫ్రేజ్ అడుగుతుందని కీబోర్డు మీద చేతులు పెట్టి కూర్చున్నాను. అడగలేదు. చాలాసేపు ఆగి, ఫలానా డిస్కు లేదని పెద్దక్షరాలతో చెప్పి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని బ్రాకెట్లలో రాసి, పక్కన మిణుకు మిణుకుమనే గీత ఒకటి పెట్టి నన్ను వదిలేసింది.

జరిగింది ఇది. మూట కట్టే ప్రోగ్రాము, ఇప్పుడు నడుస్తున్న రూట్ డిస్కు పేరేమిటో చూసి, ఆ పేరు తాళం డిస్కుల జాబితా అయిన క్రిప్ట్‌టాబ్ ఫైల్లో ఉందా అని వెతుకుతుంది. ఉంటే, ఓహో తాళం డిస్కు, క్రిప్ట్‌సెటప్ సామగ్రి కావాలి అని మూటలో పెడుతుంది. లేకపోతే పెట్టదు. దానికి కోట అనే పేరుతో పరిచయం లేదు. తాళం ఉందని తెలియని మూట తాళంచెవి ఎందుకు అడుగుతుంది? పేరు పెట్టడంలో నేను చూపిన సాహిత్యాభిరుచే నన్ను రెండోసారి వీధిలో నిలబెట్టింది.

మళ్లీ పెన్‌డ్రైవ్. మళ్లీ పాస్‌ఫ్రేజ్. క్రిప్ట్‌టాబ్ తెరిచి, ఆ నీరసమైన పేరును ఒక్కో అక్షరం కాగితం మీద రాసుకుని, శిరసావహించి అదే పెట్టాను. మళ్లీ సీహెచ్‌రూట్. మళ్లీ మూట, ఉన్న కెర్నెళ్లన్నింటికీ. నిజానికి ఉన్నది ఒక్కటేననుకోండి. వార్నింగులన్నీ చదివాను, ఫర్మ్‌వేర్ గొణుగుడుతో సహా, పరీక్ష పేపరు దిద్దినట్టు. రీబూట్.

పాస్‌ఫ్రేజ్ అడిగింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా కొట్టాను.

శుభలేఖ తొమ్మిదికే చేరింది. ప్రెస్సాయన "మాస్టారూ, కళ్లు అలా ఉన్నాయేం?" అని అడిగితే పెళ్లి పనులన్నాను. శుభలేఖలో ఒక్క తప్పు కూడా లేదు, అక్క వియ్యంకులు ఆ విషయంలో కాస్త నిరాశపడ్డారని విన్నాను.

ఆ తర్వాత నాకు బాధ్యత పుట్టుకొచ్చింది. రాత్రి తిరగేసిన వెబ్ పేజీల్లో ఒక సంగతి చదివాను. లక్స్ డిస్కు మొదట్లో హెడర్ అని చిన్న ముక్క ఉంటుంది. డిస్కును నిజంగా తెరిచే కీ అందులో పాస్‌ఫ్రేజ్ చాటున దాగి ఉంటుంది. ఆ ముక్క చెడితే పాస్‌ఫ్రేజ్ ఎంత బాగా గుర్తున్నా వ్యర్థం, డిస్కులో ఉన్నదంతా బూడిదే. అందుకని దానికి కాపీ తీసి పెట్టుకోవాలట. దానికో కమాండు కూడా ఉంది. వెంటనే చేశాను. లక్స్ 2కి పదహారు మెగాబైట్ల ఫైలు, అంతే. చక్కగా తేదీ వేసి పేరు పెట్టాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆవిడకూ, అమ్మాయికీ సవివరంగా చెప్పాను, హెడర్ ఎంత ముఖ్యమో, బ్యాకప్ లేనివాళ్లు ఎంత అజాగ్రత్తపరులో, ఇక ప్రళయం వచ్చినా మన ఫొటోలకు ఢోకా లేదని.

అమ్మాయి పెరుగు కలుపుకుంటూ అడిగింది. "ఆ ఫైలు ఎక్కడ పెట్టావు నాన్నా?"

"డాక్యుమెంట్స్ ఫోల్డర్లో" అన్నాను.

"ఏ ల్యాప్‌టాప్‌లో?"

మా ఆవిడ కంచంలోంచి తలెత్తి నా వైపు చూసింది. ఘంటసాల సంగతి అప్పటికింకా ఆవిడకు తెలీదు.